కైట్‌సర్ఫింగ్‌లో దెబ్బ తగలకుండా పడటం ఎలా?

సైకిల్ మీద నుంచి పడితే సైకిల్ కూడా మనతోపాటే పడి ఆగిపోతుంది. కైట్‌సర్ఫింగ్, అంటే పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్లపై జారే ఆటలో, అలా కాదు. మీరు నీళ్లలో పడ్డాక కూడా కైట్ పైన ఎగురుతూనే ఉంటుంది. ఇరవై పైచిలుకు మీటర్ల లైన్ల (సన్నటి తాళ్ల) చివర నుంచి మిమ్మల్ని లాగుతూనే ఉంటుంది. కాబట్టి ఇక్కడ పడటం అంటే రెండు పనులు. ఒకటి ఒంటిని కాపాడుకోవడం, రెండోది కైట్ లాగుడు ఆపడం. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా మొదటిదాని గురించే భయపడతారు. పెద్ద దెబ్బలు మాత్రం రెండోది చేతకాకపోవడం వల్లే ఎక్కువ తగులుతాయి.

జర్మనీ వైద్యులు 235 మంది కైట్‌సర్ఫర్లను గమనించి 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రతి 1000 గంటల రైడింగ్‌కు 7 గాయాలు లెక్కతేలాయి. పాదాలు, చీలమండలకు ఎక్కువ దెబ్బలు తగిలాయి. ఆ తర్వాత తల, ఛాతీ, మోకాళ్లు. అసలు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆ గాయాల్లో సగానికి పైగా కైట్‌ను హార్నెస్ (ఒంటికి కట్టుకునే పట్టీ) నుంచి సమయానికి విడదీసుకోలేకపోవడం వల్ల జరిగాయి. అప్పటి నుంచి పరికరాలు చాలా మారాయి. కైట్‌ను విడదీసే రిలీజ్ వ్యవస్థలకు 2020లో ఐఎస్ఓ 21853 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. ఎంత మంచి రిలీజ్ ఉన్నా దాన్ని లాగాల్సింది మాత్రం మీ చెయ్యే.

ఈ మార్గదర్శి శిక్షకుడి దగ్గర కొన్ని పాఠాలైనా నేర్చుకున్నవారి కోసం. చదివి నేరుగా కైట్ ఎగరేయొచ్చని మాత్రం అనుకోవద్దు.

మొదటి మెట్టు: ఒడ్డు మీద పడకుండా చూసుకోవడం

నీళ్ల మీద పడితే చాలాసార్లు నవ్వుకుని లేస్తాం. ఇసుక మీద, రాళ్ల మీద, గోడకో స్తంభానికో తగిలి పడితే లేవలేకపోవచ్చు. ప్రాణాల మీదకు తెచ్చే ప్రమాదాల్లో చాలా భాగం ఒడ్డున, లేదా ఒడ్డుకు దగ్గర్లోనే జరుగుతాయి. అందుకే ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు నిలబడదాం.

ముందు గాలి దిశ చూడండి. ఒడ్డుకు కాస్త ఏటవాలుగా, సముద్రం నుంచి నేల వైపు వీచే గాలి మంచిది. పడ్డా, పరికరం పాడైనా, అది మిమ్మల్ని మెల్లగా ఒడ్డుకే చేరుస్తుంది. నేల మీద నుంచి సముద్రంలోకి వీచే గాలి ఎంత నిలకడగా కనిపించినా, రక్షణ పడవ సిద్ధంగా లేకపోతే నీళ్లలో దిగొద్దు. సరిగ్గా ఎదురుగా నేల వైపు వీచే గాలితో ఇంకో చిక్కు ఉంది. చిన్న పొరపాటు జరిగినా కైట్ మిమ్మల్ని తీరం మీదకు ఈడుస్తుంది.

తర్వాత గాలివాటంగా, అంటే గాలి వెళ్లే వైపు, ఎంత ఖాళీ ఉందో చూడండి. కనీసం రెండు లైన్ల పొడవు, సుమారు 50 మీటర్లు, మనుషులు, రాళ్లు, వాహనాలు, కరెంటు తీగలు ఏవీ ఉండకూడదు. అంత ఖాళీ లేకపోతే అక్కడ కైట్ ఎగరేయకండి. ఈ విషయంలో నేను మొహమాటం లేకుండా చెబుతాను. మిత్రులు పిలిచారనో, చాలా దూరం ప్రయాణించి వచ్చామనో రాజీ పడొద్దు.

కైట్ సైజు ఎంచుకునేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. గాలి లాగుడు వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 15 నాట్ల (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) గాలి 20 నాట్లైతే వేగం పెరిగింది మూడో వంతే, లాగుడు మాత్రం దాదాపు 1.8 రెట్లు అవుతుంది. "ఇంకో ఐదు నాట్లు పెరిగితే ఏమవుతుందిలే" అనే మాట వెనక ఈ లెక్క ఉంది. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే చిన్నదే తీసుకోండి. దట్టమైన నల్ల మేఘం వస్తోందంటే, దాని ముందు గాలి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మేఘం నెత్తిమీదకు వచ్చేదాకా ఆగకుండా కైట్ దించేయండి.

కైట్ లేచాక చాలామంది దాన్ని నెత్తిమీద, 12 గంటల స్థానంలో ఉంచి నిలబడతారు. అక్కడ లాగుడు తక్కువ కాబట్టి హాయిగా అనిపిస్తుంది. కానీ ఒక్క గట్టి గాలి తగిలితే ఆ స్థానం నుంచి కైట్ మిమ్మల్ని నిలువునా పైకి ఎత్తేస్తుంది. నేల మీద ఉన్నంతసేపు కైట్‌ను కిందగా, అది ఎగిరే పరిధిలో సముద్రం వైపు అంచున ఉంచి, ఆలస్యం చేయకుండా నీళ్లలోకి నడవండి. అప్పుడు గాలి తగిలినా పక్కకు లాగుతుంది, పైకి ఎత్తదు. ఒడ్డున కైట్ ఆడిస్తూ కబుర్లు చెప్పుకోవడం, ఫోటోలకు పోజులివ్వడం అసలు వద్దు.

ఎగరేసే ముందు లైన్లను ఒక్కొక్కటిగా కైట్ దాకా చూసుకోండి. వెనక లైన్లు అటూఇటూ మారిపోయి తగిలిస్తే కైట్ లేస్తూనే గిరగిరా తిరుగుతుంది. కైట్ పట్టుకున్న మనిషికి బొటనవేలు పైకెత్తి చూపించేది ఈ తనిఖీ అయ్యాకే.

రెండో మెట్టు: విడదీసుకోవడం చేతికి అలవాటు చేయడం

ప్రమాదంలో ఆలోచించే సమయం ఉండదు. చెయ్యి దానంతటదే కదలాలి. వరుస ఇది:

1. బార్, అంటే కైట్‌ను నడపడానికి చేతులతో పట్టుకునే కడ్డీ, వదిలేయండి. బార్ దూరంగా జారిపోతే కైట్ లాగుడు చాలావరకు తగ్గుతుంది.
2. అయినా లాగుతుంటే చికెన్ లూప్ (కైట్‌ను హార్నెస్ కొక్కేనికి తగిలించే ఉంగరం) దగ్గరున్న క్విక్ రిలీజ్ లాగండి, లేదా తోయండి. కైట్ ఒక్క లైన్ మీదకు వచ్చి జెండాలా రెపరెపలాడుతూ పడిపోతుంది.
3. అప్పటికీ లాగుతుంటే సేఫ్టీ లీష్ (హార్నెస్‌ను కైట్‌కు కలిపి ఉంచే రక్షణ తాడు) రిలీజ్ తీసేయండి. కైట్ పూర్తిగా మీ నుంచి విడిపోతుంది.

వీటిలో మొదటిది, బార్ వదలడం, చెప్పినంత సులువు కాదు. భయపడిన మనిషి చేతిలో ఉన్నదాన్ని గట్టిగా పట్టుకుంటాడు, తన వైపు లాక్కుంటాడు. బార్‌ను లాక్కుంటే కైట్ ఇంకా బలంగా లాగుతుంది. ఆ లాగుడుకు ఇంకా భయపడి ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. ఈ చక్రాన్ని తెంచడానికి సాధన తప్ప దారి లేదు. శిక్షకులు "బార్ వదులు, బార్ వదులు" అని గొంతు చించుకునేది ఇందుకే.

ప్రతి సెషన్‌కు ముందు నేల మీద హార్నెస్ కట్టుకుని, బార్ తగిలించుకుని, కళ్లు మూసుకుని రెండు రిలీజ్‌లనూ లాగి చూడండి. ఒకసారి కుడి చేత్తో, ఒకసారి ఎడమ చేత్తో. ఎవరైనా మిమ్మల్ని ముందుకు లాగుతుండగా కూడా లాగి చూడండి, ఎందుకంటే బరువు పడ్డప్పుడు పట్టు మారిపోతుంది. ఒక్కో కంపెనీ రిలీజ్ ఒక్కో దిశలో కదులుతుంది. అరువు తెచ్చుకున్న బార్‌తో తెలియకుండా నీళ్లలో దిగితే మీ చెయ్యి పాత బార్ అలవాటునే వెతుక్కుంటుంది. వాడిన తర్వాత రిలీజ్‌ను మంచినీళ్లతో కడగండి. ఇసుక చేరితే బిగుసుకుపోతుంది.

లీష్‌ను ఎక్కడ తగిలిస్తున్నారో కూడా చూసుకోండి. రిలీజ్ లాగితే కైట్ ఒకే లైన్ మీదకు వచ్చేలా తగిలించాలి. కొందరు ట్రిక్కులు చేసేవాళ్లు బార్ మొత్తానికి లీష్ తగిలించుకుంటారు. అలా చేస్తే బార్ వదిలినా కైట్ బలంతోనే మిమ్మల్ని ఈడుస్తుంది. దాన్ని చూసి అనుకరించకండి.

ఒంటి మీద ఉండాల్సినవి

హెల్మెట్ పెట్టుకోండి. నీళ్ల క్రీడల కోసం చేసినది, చెవుల్ని కూడా కప్పేది అయితే మేలు. నీటి ఉపరితలానికి చెవి పక్కగా కొట్టుకుంటే కర్ణభేరి చిరిగే అవకాశం ఉంది. ఇంపాక్ట్ వెస్ట్ పక్కటెముకలను కాపాడుతుంది, కొంచెం తేలుస్తుంది కూడా. కానీ అది లైఫ్ జాకెట్ కాదు. స్పృహ తప్పిన మనిషి ముఖాన్ని నీళ్లపై నిలబెట్టేలా దాన్ని తయారు చేయలేదు. హార్నెస్‌కు ఒక చిన్న కొక్కెపు కత్తి ఉండాలి. లైన్ కాలికి చుట్టుకుంటే కోయడానికి. అది ఎక్కడుందో చూడకుండానే అందుకోగలగాలి.

బోర్డును కాలికి తాడుతో కట్టుకోవడం మాత్రం వద్దు. కైట్ మిమ్మల్ని ముందుకు లాగుతుంటే, నీళ్లలో ఆగిన బోర్డు ఆ తాడును సాగదీసి, ఒక్కసారిగా తిరిగొచ్చి తలకు తగులుతుంది. బోర్డు పోతే గాలికి ఎదురుగా బాడీ డ్రాగ్ చేసి తెచ్చుకోవడం నేర్చుకోండి. ఒక చెయ్యి నీళ్లలో చాచి, కైట్‌ను కిందగా ఒక పక్క అంచున ఉంచి, అటూఇటూ మలుపులు తిరుగుతూ వెళ్లడం. ఇది రాకముందే లోతు నీళ్లలో రైడింగ్ మొదలుపెట్టకూడదు.

మూడో మెట్టు: మామూలు పడటాలు

మొదటి రోజుల్లో అందరూ పడే పద్ధతి ఒకటే. నీళ్లలో కూర్చుని, బోర్డు మీద లేవడానికి కైట్‌ను పవర్ జోన్‌లోకి (లాగుడు అన్నిటికన్నా ఎక్కువగా ఉండే చోటికి) గట్టిగా దింపుతారు, అది ముందుకు ఎత్తి విసిరేస్తుంది. ఇక్కడ చేయాల్సింది రెండు చేతులూ బార్ మీద నుంచి తీసేయడమే. నీళ్లలో బొక్కబోర్లా పడతారు, అంతే. బార్ పట్టుకుని ఉంటే కైట్ మళ్లీ పైకి తిరిగి, ఇంకోసారి ఎత్తి, ఇంకోసారి వేస్తుంది.

వేగంగా వెళ్తుండగా బోర్డు ముందు అంచు నీళ్లలో దిగబడితే ముఖం కిందకు పడతారు. అలా పడబోతున్నట్టు తెలిసిన క్షణంలో:

- గడ్డాన్ని ఛాతీకి ఆనించండి, నోరు మూసుకోండి.
- ముఖాన్ని కాకుండా భుజం వెనక భాగాన్ని నీళ్లకు ఇచ్చేలా ఒళ్లు తిప్పండి.
- చేతులు ముందుకు చాచొద్దు. చాచిన చెయ్యి నీళ్ల దెబ్బకు వెనక్కి విరిగి భుజం జారే ప్రమాదం ఉంది. మోచేతులు దగ్గరగా ముడిచి తల వైపు తెచ్చుకోండి.

వెనక్కి పడటం వీటన్నిటికన్నా తేలిక. వెనక అంచు మీద కూర్చున్నట్టు జారి, పిరుదుల మీద నీళ్లలో దిగిపోవడమే. ముందుకు పడేలా ఉన్నప్పుడు వీలైతే ఇలా వెనక్కి కూర్చోండి.

ఒక కాలు బోర్డు మీది స్ట్రాప్ (పాదం దూర్చే పట్టీ) నుంచి జారిపోయి రెండోది ఇరుక్కుని ఉంటే, దాన్ని కూడా విదిలించి బోర్డును దూరంగా తన్నేయండి. ఒక్క కాలితో బోర్డు మీద పడితే మోకాలు, చీలమండ రెండూ మెలి తిరుగుతాయి. బోర్డు పోయిందని బాధపడేకన్నా లిగమెంటు మిగిలిందని సంతోషించాలి. స్ట్రాప్‌లు కూడా పాదం సులువుగా బయటకు వచ్చేంత వదులుగా ఉండాలి.

నాలుగో మెట్టు: జంప్ చెడిపోయినప్పుడు

ఇక్కడ నియమం తలకిందులవుతుంది. నీళ్ల మీద పడితే బార్ వదలాలి, గాల్లో ఉన్నప్పుడు వదలకూడదు. గాల్లో మిమ్మల్ని మోస్తున్నది కైట్ ఒక్కటే. బార్ వదిలితే ఆ మోత పోతుంది. 5 మీటర్ల ఎత్తు నుంచి ఏ ఆధారమూ లేకుండా పడితే గంటకు దాదాపు 36 కిలోమీటర్ల వేగంతో, 10 మీటర్ల నుంచైతే 50 కిలోమీటర్ల వేగంతో నీళ్లకు కొట్టుకుంటారు. ఆ వేగంలో నీళ్లు మెత్తగా ఉండవు. గాల్లో క్విక్ రిలీజ్ లాగినా ఫలితం ఇదే. రిలీజ్ లాగాల్సింది కాళ్లు ఇంకా నేలనో నీళ్లనో తాకుతున్నప్పుడు. ఎత్తుకు లేచిపోయాక కైట్‌ను నడుపుతూ దిగడమే మేలు.

జంప్ చెడిపోయే కారణాల్లో ప్రధానమైనది కైట్‌ను మరీ వెనక్కి పంపడం. మీరు లోలకంలా దాని కిందుగా ఊగి ముందుకు వచ్చేసరికి కైట్ వెనకే ఉండిపోతుంది, పైనుంచి పట్టేదేమీ ఉండదు. వీపు మీద పడతారు. దీనికి మందు గాల్లోనే వేయాలి. పైకి లేచిన వెంటనే ముందు చేత్తో బార్‌ను మెల్లగా లాగి కైట్‌ను నెత్తిమీదకు తెచ్చుకోండి, బార్‌ను దగ్గరగానే ఉంచండి. మోకాళ్లు పొట్ట వైపు ముడుచుకుంటే ఒళ్లు కూడా గాల్లో నిలకడగా ఉంటుంది. కళ్లు కిందకు కాకుండా దిగే చోటు వైపు ఉండాలి.

దిగే ముందు కైట్‌ను కొద్దిగా ముందుకు దింపండి. అది మిమ్మల్ని ముందుకు లాగడంతో కిందకు పడే వేగం కొంత ముందుకు జారే వేగంగా మారుతుంది. బోర్డు ముక్కు గాలివాటంగా, కైట్ వైపు చూడాలి. తోక భాగం ముందుగా తాకాలి, మోకాళ్లు వంగి ఉండాలి. నిటారు కాళ్లతో, బోర్డు మొత్తం ఒకేసారి చదునుగా తాకేలా దిగడం వల్లే చీలమండలు, మోకాళ్లు, నడుము దెబ్బతింటాయి.

ఇక ఎలాగూ సరిగా దిగలేమని తెలిసిపోయిందనుకోండి. అప్పుడు దిగడం గురించి మర్చిపోయి పడటం మీద దృష్టి పెట్టండి. పొట్ట మీదో వీపు మీదో చదునుగా పడకుండా ముడుచుకోండి. కాళ్లు, ఆ వెంటనే పిరుదులు లేదా తుంటి పక్క నీళ్లను తాకాలి. గడ్డం ఛాతీకి ఆనాలి. నీళ్లు తాకే దాకా బార్ పట్టుకోండి, తాకగానే వదిలేయండి. నీళ్లు తాకడం, చెయ్యి తెరుచుకోవడం ఒకేసారి జరిగేలా చిన్న జంప్‌లతోనే అలవాటు చేసుకోండి.

నడుము లోతు కూడా లేని నీళ్లలో ఇవేవీ పనిచేయవు. అక్కడ జంప్ చేయొద్దు. జంప్ ఎక్కడ చేసినా గాలివాటంగా 50 మీటర్ల లోపు మనుషులు, ఇసుక దిబ్బలు లేకుండా చూసుకోండి. గాల్లో ఉన్నంతసేపు మీరు గాలి వెళ్లే వైపే కొట్టుకుపోతుంటారు మరి.

ఐదో మెట్టు: పడిన తర్వాతి నిమిషం

పైకి తేలేటప్పుడు ఒక మోచెయ్యి తల మీద అడ్డుగా పెట్టుకోండి. బోర్డు అక్కడే ఎక్కడో ఉంటుంది. తేలాక ముందు చూడాల్సింది కైట్‌ను, తర్వాత లైన్లను, ఆ తర్వాతే బోర్డును.

బార్ చివర ఏదైనా లైన్ చుట్టుకుని ఉంటే కైట్ ఒకే పక్కకు తిరుగుతూ ఆగకుండా సుడులు చుడుతుంది. ప్రతి సుడికీ ఒకసారి ఈడుస్తుంది. బార్‌తో సరిచేద్దామని చూడొద్దు, క్విక్ రిలీజ్ లాగేయండి. అది ఆగకపోతే లీష్ కూడా.

వదులుగా తేలుతున్న లైన్లను ప్రమాదకరమైనవి అనుకోరు చాలామంది. కైట్ ఒక అలకు తగిలి లేస్తే అదే లైన్ క్షణంలో బిగుసుకుంటుంది, మధ్యలో వేలు ఉంటే వేలు తెగిపోవచ్చు. లైన్‌ను ఎప్పుడూ చేతికి చుట్టుకోకండి. కాళ్లు లైన్ల మధ్య ఆడించకండి, వాటికి దూరంగా ఈదండి. అలలు విరిగే చోట కైట్ పడిపోయి, ప్రతి అలా దాన్ని ఈడుస్తుంటే, కైట్ డబ్బుల గురించి ఆలోచించకుండా లీష్ వదిలేయాల్సి రావచ్చు.

మీ కైట్ ఇంకొకరి కైట్‌తో చిక్కుకుంటే గుంజులాటకు దిగొద్దు. వెంటనే క్విక్ రిలీజ్, అవతలి కైట్ మిమ్మల్ని ఇంకా లాగుతుంటే లీష్. ఇది జరగకుండా ఉండాలంటే దారి నియమాలు తెలియాలి. ఎదురెదురుగా వస్తే కుడి చెయ్యి ముందుగా ఉన్నవారిది దారి. పక్కపక్కగా దాటేటప్పుడు గాలి వచ్చే వైపున్నవారు కైట్ పైకి ఎత్తాలి, గాలివాటంగా ఉన్నవారు దించాలి. ఒడ్డు నుంచి నీళ్లలోకి వెళ్లేవారికి, ఒడ్డుకు తిరిగొచ్చేవారు దారి ఇవ్వాలి.

కైట్ ఇక ఎగరకపోతే: మీరే మిమ్మల్ని రక్షించుకోవడం

గాలి పడిపోయినా, కైట్ చిరిగినా, లైన్ తెగినా ఇదే వరుస. ప్రశాంతమైన రోజు, తక్కువ లోతులో ముందే ఒకటి రెండుసార్లు చేసి చూడండి.

1. క్విక్ రిలీజ్ లాగి కైట్‌ను ఒకే లైన్ మీదకు తెచ్చి, లాగుడు లేకుండా చేయండి.
2. లీష్ వెంబడి చేతుల మీదుగా బార్ దాకా వెళ్లండి. ముందు ఆ ఒక్క లైన్‌నే బార్ మీద చుట్టండి, కైట్ మళ్లీ బలం పుంజుకోలేనంత వరకు. మిగతా లైన్లను అప్పుడే ముట్టుకోవద్దు.
3. చుట్టినది జారకుండా బార్ చివర ముడి వేసి, ఇప్పుడు అన్ని లైన్లనూ కలిపి చుడుతూ కైట్ వైపు వెళ్లండి. చేరాక మళ్లీ ముడి వేయండి.
4. కైట్‌ను వెల్లకిలా తిప్పి, దాని మీద ఆనుకుని, రెక్క చివరలు పట్టుకుని తెరచాపలా వాడుకోండి. గాలి ఒడ్డు వైపు ఉంటే అదే తీసుకెళ్తుంది.

కైట్ ముందు అంచు గొట్టంలో నింపిన గాలి తీయొద్దు. అదే మిమ్మల్ని తేల్చే తెప్ప. ఒడ్డు దగ్గరగా కనిపిస్తోందని కైట్‌ను వదిలి ఈదడం మొదలుపెట్టొద్దు కూడా. నీళ్లలో ఒక మనిషి తల ఎవరికీ కనిపించదు, రంగు రంగుల కైట్ మాత్రం దూరం నుంచీ కనిపిస్తుంది. సాయం కావాలంటే రెండు చేతులూ పక్కలకు చాచి మెల్లగా పైకీ కిందకూ ఆడించండి. ఒక్క చెయ్యి ఊపితే పలకరిస్తున్నారని అనుకుంటారు.

తలకో మెడకో తగిలితే

తలకు దెబ్బ తగిలాక తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, చూపు మసకబారడం, అడిగిందే మళ్లీ అడగడం, జరిగింది గుర్తులేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజుకు రైడింగ్ అయిపోయినట్టే. "బాగానే ఉన్నాను" అన్న ఆ మనిషి మాట నమ్మకండి, దెబ్బ తగిలింది ఆ మాట చెప్పే మెదడుకే. ఒంటరిగా వదలకుండా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.

ఎత్తు నుంచి పడ్డాక మెడ నొప్పి అన్నా, చేతులు కాళ్లు తిమ్మిరిగా ఉన్నాయన్నా కదిలించకండి. నీళ్లలో ఉంటే ముఖం పైకి ఉండేలా, తల, మెడ, వీపు ఒకే వరుసలో ఉండేలా పట్టుకుని సాయం వచ్చేదాకా తేల్చండి. కైట్ ఇంకా ఆయన హార్నెస్‌కే తగిలి ఉంటే మీరు ముందుగా లాగాల్సింది ఆయన క్విక్ రిలీజ్‌నే, మనిషిని కాదు.